ఎక్కడా అమ్మని పాత గేమ్‌ని డౌన్‌లోడ్ చేసుకుంటే పైరసీయేనా?

పాతసీడీ:
సూటిగా అడుగుతున్నా. రోడ్ రాష్ పీసీ వెర్షన్, 1996లో వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో లేదు, గాగ్‌లో లేదు, తీసిన ఈఏ వాళ్ల సొంత యాప్‌లోనూ లేదు. కెప్టెన్ క్లా (1997) అంతే. మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ 2 (2000) అంతే. క్రికెట్ 07 సంగతి మీకు చెప్పనక్కర్లేదు. వీటిని అబాండన్‌వేర్ సైట్ల నుంచి, అంటే అమ్మకం ఆగిపోయిన పాత గేమ్‌లని ఉచితంగా పెట్టే సైట్ల నుంచి తెచ్చుకుంటే తప్పా? మా ఫ్రెండ్స్ గ్రూపులో ఒకాయన ఇది కొత్త సినిమాకి థియేటర్ ప్రింట్ చూడటంతో సమానం అన్నాడు. నేను ఒప్పుకోను. అక్కడ నిర్మాతకి టికెట్ డబ్బు పోతుంది. ఇక్కడ కౌంటరే మూసేశారు. అమ్మకం ఆపేసుకున్నవాడికి నా వల్ల పోయిందేంటి? కాదనేవాళ్లు కారణం చెప్పండి, తిట్లు వద్దు.

జోన్స్‌భాయ్:
ఐజీఐ కూడా చేర్చండి అన్నా ఆ లిస్టులో. అదీ ఎక్కడా దొరకదు.

లెవెల్14:
ఐజీఐ గాగ్‌లో ఉంది తమ్ముడూ. మధ్యలో సేవ్ చేసుకోలేని ఆ పాత నరకం యథాతథంగా దొరుకుతుంది, వెళ్లి కొనుక్కో. నాకు ఈ వాదన మీద ఉన్న మొదటి అనుమానమే ఇది. "ఎక్కడా దొరకట్లేదు" అనేవాళ్లలో చాలామంది వెతకరు. మాక్స్ పేన్ దొరకదంటారు, ఉంది. పాత ప్రిన్స్ ఆఫ్ పర్షియా సాండ్స్ ఆఫ్ టైమ్ దొరకదంటారు, ఉంది. నిజంగా లేనివేవో ముందు తేల్చుకుని తర్వాత నీతి మాట్లాడదాం.

పాతసీడీ:
ఒప్పుకుంటా. అందుకే నేను నాలుగు పేర్లే రాశా.

సెక్షన్‌రావు:
చట్టం మాట నేను చెప్తా, నచ్చినా నచ్చకపోయినా. మన 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం అంటే సాహిత్య రచన కిందే లెక్క. రాసినవాళ్లు పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. "అమ్మడం ఆపేస్తే హక్కు పోతుంది" అనే వాక్యం ఆ చట్టంలో ఎక్కడా లేదు. అబాండన్‌వేర్ అనేది అభిమానులు పెట్టుకున్న పేరు, కోర్టులో దానికి విలువ లేదు. 63బి సెక్షన్ చదవండి. నకిలీ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభానికో వ్యాపారానికో కాకపోతే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే వీలు జడ్జికి ఉంది. ఒక్క క్లా ఆడుకున్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టుకెళ్లరు, అది నాకూ తెలుసు. కానీ అడిగింది తప్పా కాదా అని కదా.

దోసెబాక్స్:
రావు గారూ, అదే చట్టంలో 52వ సెక్షన్ కూడా ఉంది. చట్టబద్ధంగా కొన్నవాడు బ్యాకప్ కాపీ తీసుకోవచ్చు. సరే, నా దగ్గర అప్పట్లో కొన్న అసలు సీడీలు ఉన్నాయనుకోండి. వాటితో ఏం చేయమంటారు? 2000 ప్రాంతంలో వచ్చిన చాలా గేమ్‌లకి సేఫ్‌డిస్క్ అనే తాళం వేశారు. సీడీ అసలుదా కాదా అని అది విండోస్‌లో ఒక డ్రైవర్ ద్వారా చూసుకునేది. ఆ డ్రైవర్‌లో భద్రతా లోపం ఉందని మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో దాన్ని పూర్తిగా వదిలేసింది, 2015లో పాత విండోస్‌లకీ అప్‌డేట్ పంపి ఆపేసింది. ఇప్పుడు డబ్బు పెట్టి కొన్నవాడి సీడీ పనిచేయదు, ఆ తాళం తీసేసి క్రాక్ చేసిన కాపీ పనిచేస్తుంది. ఇంకా వెనక్కి వెళ్తే విండోస్ 95 నాటి కొన్ని గేమ్‌లకి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్ దాన్ని అసలు తెరవనే తెరవదు. నిజాయితీగా కొన్నవాడు కూడా చివరికి ఆ సైట్లకే పోవాలి. దీనికి మీ సెక్షన్లలో ఏం మందు ఉంది?

సెక్షన్‌రావు:
మీ సీడీ మీ దగ్గర ఉంటే మిమ్మల్ని నేనేమీ అనను. సీడీ లేనివాళ్ల గురించి నా మాట.

కోఠీకుర్రాడు:
అందరూ ఒరిజినల్ సీడీలు కొన్నట్టు మాట్లాడుతున్నారేంటి? నవ్వొస్తోంది. కోఠీ ఫుట్‌పాత్ మీద, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులున్న సీటీసీ మెట్ల మీద కొన్న సీడీలు కాదా అవి? ఒక సీడీలో ముప్పై గేమ్‌లు, మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేర్లు. మిగతావాళ్లు నెట్ సెంటర్‌లో గంట లెక్కన ఆడారు, అక్కడా ఒకే కాపీ పది సిస్టమ్స్‌లో. రోడ్ రాష్ అమ్ముతున్న రోజుల్లోనూ మనవాళ్లు కొనలేదు. ఇప్పుడు "అమ్మట్లేదు కాబట్టి" అనే సాకు కొత్తగా వచ్చింది.

పాతసీడీ:
అప్పుడు కొనలేదు, నిజమే. ఇక్కడి షాపులకి ఆ గేమ్‌లు సరిగ్గా వచ్చేవే కావు, వచ్చినా ఇంట్లో అంత డబ్బు ఇచ్చేవాళ్లు కాదు. ఇప్పుడు మా చేతిలో జీతం ఉంది. స్టీమ్ సేల్‌లో ఆడని గేమ్‌లు కూడా కొని పడేస్తున్నాం. రోడ్ రాష్‌ని 500కి పెడితే ఈ థ్రెడ్‌లో సగం మంది రేపే కొంటారు. మాకు అమ్మట్లేదన్నదే నా గోల.

డాలస్‌సుబ్బు:
అమెరికాలో దీని మీద ఒక లెక్క ఉంది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అని ఒక సంస్థ 2023లో చూసింది. 2010కి ముందు ఇక్కడ విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో లేవు. అంటే పాతసీడీ గారు రాసిన నాలుగూ అరుదైనవి కావు, అదే మామూలు. దాని తర్వాత లైబ్రరీల తరఫున కాపీరైట్ ఆఫీసుని అడిగారు: అమ్మకంలో లేని గేమ్‌లని పరిశోధకులకి దూరం నుంచే చూపించే వీలు ఇవ్వండి, పుస్తకాలకి ఇచ్చినట్టే అని. 2024 అక్టోబర్‌లో కుదరదన్నారు. గేమ్ పరిశ్రమ సంఘం వాదన ఏంటంటే, జనం సరదాకి ఆడేసుకుంటారట. సరదాకి ఆడటానికి కాకపోతే గేమ్ ఎందుకు తీశారో మరి.

లెవెల్14:
వాళ్ల భయం పూర్తిగా అర్థంలేనిది కాదు సుబ్బు గారూ. పాత గేమ్‌లకి ఇప్పుడు మార్కెట్ ఉంది. గాగ్ 2008లో మొదలైందే దాని మీద. ఉచితంగా దొరుకుతుంటే మళ్లీ విడుదల చేసేవాడికి ఉత్సాహం ఏముంటుంది?

దోసెబాక్స్:
జరిగింది దానికి తలకిందులు. సిస్టమ్ షాక్ 2 చూడండి. 1999 గేమ్. తీసిన లుకింగ్ గ్లాస్ కంపెనీ 2000లో మూతపడింది, హక్కులు తిరిగి తిరిగి ఒక ఇన్సూరెన్స్ కంపెనీ చేతికి చేరాయి. గేమ్ మీద హక్కు ఇన్సూరెన్స్ వాళ్లకి! ఏళ్ల తరబడి ఎవరూ అమ్మలేదు. ఆ కాలమంతా దాన్ని కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా ప్యాచ్‌లు రాసింది అభిమానులే. చివరికి స్టీఫెన్ కిక్ అనే అతను తనకి ఆడుకోవాలనిపించి, దొరక్క, ఆ ఇన్సూరెన్స్ కంపెనీని పట్టుకుని హక్కు తీసుకున్నాడు. నైట్‌డైవ్ స్టూడియోస్ అలా పుట్టింది, 2013లో గేమ్ గాగ్‌కి వచ్చింది, బాగా అమ్ముడైంది. ఉచిత కాపీలు మార్కెట్‌ని చంపలేదు, జనానికి ఆ పేరు మర్చిపోకుండా చేశాయి.

బ్లేడ్ రన్నర్ గేమ్ (1997) ఇంకా విచిత్రం. ఆ గేమ్‌ని రాసిన అసలు ప్రోగ్రాం, అంటే సోర్స్ కోడే పోయింది. పాత గేమ్‌లని కొత్త కంప్యూటర్ల మీద నడిపించే స్కమ్‌విఎం ప్రాజెక్టు వలంటీర్లు ఏళ్లపాటు కూర్చుని ఆ గేమ్ ఎలా నడుస్తుందో విప్పి చూసి మళ్లీ రాశారు. 2019లో గాగ్ అమ్మింది వాళ్ల కష్టం మీద నిలబడిన వెర్షన్‌నే.

లెవెల్14:
ఆ స్టీఫెన్ కిక్కే ఓడిపోయిన కథ కూడా చెప్పండి మరి. నో వన్ లివ్స్ ఫరెవర్, 2000లో మోనోలిత్ అనే స్టూడియో తీసింది. అరవైల నాటి గూఢచారిణి కేట్ ఆర్చర్, హాస్యం, పరికరాలు, ఇప్పటికీ అలాంటిది రాలేదు. దాని హక్కులు వార్నర్, యాక్టివిజన్, ఫాక్స్ మధ్య చిక్కుకున్నాయి. నైట్‌డైవ్ 2014లో ప్రయత్నం మొదలుపెట్టింది, మరుసటి ఏడాదికి చేతులెత్తేసింది. ఎవరి దగ్గర ఎంత హక్కు ఉందో తేల్చడానికి పాత కాగితాలు తీసే ఓపిక కూడా ఆ పెద్ద కంపెనీలకి లేకపోయింది. తర్వాత ఫాక్స్‌ని డిస్నీ కొంది, యాక్టివిజన్‌ని మైక్రోసాఫ్ట్ కొంది, మోనోలిత్‌ని వార్నర్ 2025 ఫిబ్రవరిలో మూసేసింది. ముడి ఇంకా బిగిసింది.

పాతసీడీ:
ఇది నా వైపు వాదన కదండీ!

లెవెల్14:
సగమే. వాళ్లు అమ్మకపోవడం తప్పు అంటాను. కాబట్టి నేను తీసుకోవచ్చు అనను. ఈ రెంటికీ మధ్య ఒక మెట్టు ఉంది, దాన్ని మీరు దూకేస్తున్నారు.

షేడర్‌పిల్ల:
నేను హైదరాబాద్‌లో గేమ్ ఆర్టిస్టుగా చేస్తున్నా. ఇంతసేపూ హక్కుదారులు, ఆటగాళ్లు అని రెండు వర్గాలే మాట్లాడుతున్నారు. గేమ్ తీసిన మనుషులు ఎవరికీ గుర్తు రాలేదు. హక్కు నాది కాదు, కంపెనీది. మొదటి ఉద్యోగంలో ఒక మొబైల్ గేమ్‌కి లెవెల్స్ గీశాను. ఊళ్లు, గుడి మెట్లు, సంత, అన్నీ చేత్తో చేసినవి. సర్వర్ ఖర్చు దండగని ఒక రోజు స్టోర్ నుంచి తీసేశారు. ఇప్పుడు నా పని చూపించమంటే స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, అంతే. ఇంటర్వ్యూలో "ఆడి చూడొచ్చా" అని అడిగితే లేదని చెప్పాలి. ఎవరో ఒక అజ్ఞాతవాసి ఆ గేమ్‌ని ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే ఏపీకే ఫైలు దాచి ఎక్కడో పెట్టాడు, సర్వర్ లేదు కాబట్టి మొదటి లెవెల్ దాటి పోదు. చట్టప్రకారం అతను దొంగ. నేను మాత్రం అతనికి రుణపడి ఉన్నా.

క్లా బొమ్మలు గీసినవాళ్లు, ఆ పిల్లికి గొంతిచ్చిన నటుడు, వాళ్లకి ఇప్పుడు మీరు డౌన్‌లోడ్ చేసుకోవడం వల్ల రూపాయి పోదు. ఎవరూ ఆడకపోతే మాత్రం వాళ్ల పనే పోతుంది.

సెక్షన్‌రావు:
అమ్మా, మీ బాధ న్యాయమైనది. కానీ కళాకారుడి మనసుని బట్టి హక్కు నడిస్తే, "నా పాత పని ఎవరూ చూడొద్దు" అనే కళాకారుడి మాట కూడా వినాలి కదా.

షేడర్‌పిల్ల:
వినాలి. ఆ నాలుగు గేమ్‌లలో ఎవరైనా అలా అడిగారా? అడిగినవాళ్లు ఉంటే నేనే డిలీట్ చేస్తా.

గ్రంథాలయం:
నేను గేమ్‌లు ఆడను, మా అబ్బాయి చూపిస్తే ఈ చర్చ చదివాను. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 మొదట్లో విండోస్‌కి ముందు నాటి రెండు వేలకు పైగా డాస్ గేమ్‌లని బ్రౌజర్‌లోనే ఆడుకునేలా పెట్టింది. అదే ఆర్కైవ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఉన్నాయి. అచ్చులో లేని నవలలు, శతకాల వ్యాఖ్యానాలు, పాత పత్రికల సంచికలు మనలో అందరం అక్కడి నుంచే తెచ్చుకుని చదువుతున్నాం. వాటిలో కాపీరైట్ గడువు తీరనివీ ఉన్నాయి. ఒక్కరూ దాన్ని దొంగతనం అనగా నేను వినలేదు. సాహిత్య సభలో దాన్ని భాషాసేవ అంటారు. పిల్లల ఆట అనేసరికి మనకి చట్టం గుర్తొస్తుంది.

కోఠీకుర్రాడు:
ఇది బాగుంది అండీ.

లెవెల్14:
పుస్తకాల విషయంలోనూ అందరూ ఊరుకోలేదండీ, బతికున్న రచయితలు అభ్యంతరం పెట్టినవి ఉన్నాయి. వాళ్లు అడిగితే తీసేయాల్సిందే. గేమ్‌కీ అదే పెట్టండి, నాకు సమ్మతం. మంచి అబాండన్‌వేర్ సైట్లు గేమ్ మళ్లీ అమ్మకానికి వస్తే డౌన్‌లోడ్ తీసేసి అమ్మే పేజీకి లింక్ ఇస్తాయి. అలా చేయనివాటితో నాకు గొడవ. ప్రకటనలు నింపుకుని డబ్బు చేసుకునేవాటితో ఇంకా గొడవ. వాటిలో వైరస్‌లు వేరే.

మాడరేటర్:
డౌన్‌లోడ్ లింకులు పెట్టిన మూడు కామెంట్లు తీసేశాను. వాదించుకోండి, లింకులు వద్దు.

కవర్‌డ్రైవ్:
క్రికెట్ 07 విషయంలో మీ వాదనలేవీ సరిపోవు. అది 2006 చివర్లో వచ్చింది, కెనడాలోని హెచ్‌బీ స్టూడియోస్ తీసింది, ఈఏ ఆ తర్వాత పీసీకి క్రికెట్ గేమే తేలేదు. లైసెన్సు ఉన్నది ఇంగ్లండ్, ఆస్ట్రేలియాలకే. మన టీమ్‌లో అన్నీ దొంగ పేర్లు. సచిన్‌ని సచిన్ చేసింది ఆటగాళ్లే. జెర్సీలు, స్టేడియంలు, ఐపీఎల్, ఈ ఏడాది జట్లు, అన్నీ ప్యాచ్‌లు. ఈరోజు జనం ఆడుతున్న క్రికెట్ 07లో ఈఏది ఎంత? ఆటని నడిపే ఇంజిను, రిచీ బెనో కామెంటరీ. ఆయన 2015లో పోయారు, ఆ గొంతు ఇంకా మన ల్యాప్‌టాప్‌ల్లో వినిపిస్తోంది. మిగతాదంతా పదిహేడేళ్లకు పైగా కుర్రాళ్లు రాత్రుళ్లు పడిన కష్టం. ఈఏకి హైదరాబాద్‌లోనే పెద్ద ఆఫీసు ఉంది, అక్కడ పనిచేసేవాళ్లలో ఈ ప్యాచ్‌లు ఆడనివాళ్లు ఎంతమందో అడిగి చూడండి.

దోసెబాక్స్:
క్లాకి చేసిన పద్ధతి శుభ్రంగా ఉంటుంది. ఓపెన్‌క్లా అని ఇంజిన్ మొత్తం కొత్తగా రాశారు, అందులో అసలు కంపెనీ కోడ్ లేదు. బొమ్మలు, శబ్దాలు ఉన్న ఫైలు మాత్రం మీ సొంత సీడీ నుంచి తెచ్చుకోవాలి. రావు గారు కూడా దీన్ని కాదనలేరు.

సెక్షన్‌రావు:
కాదనను. ఇంకో దారి కూడా చెప్తా, ఎవరూ ఎత్తలేదు కాబట్టి. 31వ సెక్షన్. ప్రచురించిన రచనని హక్కుదారు మళ్లీ తేవడానికి నిరాకరించి జనానికి అందకుండా చేస్తే, తప్పనిసరి లైసెన్సు కోసం అర్జీ పెట్టుకోవచ్చు. 2012 సవరణ తర్వాత అది భారతీయ రచనలకే పరిమితం కాదు. హక్కుదారు ఆచూకీ దొరకకపోతే 31ఎ ఉంది, దానికి దేశంలో ఎక్కువ భాగం చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన ఇవ్వాలి. రోడ్ రాష్ కోసం ప్రకటన, ఊహించుకోండి. కానీ దారి ఉంది.

పాతసీడీ:
లాయర్ ఫీజు ఎవరిస్తారు సార్? పైగా "నిరాకరించాలి" అన్నారు. ఈఏకి మెయిల్ పెడితే వాళ్లు నిరాకరించరు, జవాబే ఇవ్వరు.

సెక్షన్‌రావు:
జవాబివ్వకపోవడం నిరాకరణ అవుతుందా అన్నది వాదించదగ్గ పాయింటే. గేమ్ విషయంలో ఎవరైనా వాదిస్తే చూడాలని ఉంది.

డాలస్‌సుబ్బు:
ఒక ప్రశ్న మిగిలింది. జీటీఏ వైస్ సిటీ. 2021 నవంబర్‌లో కొత్త రీమాస్టర్, అంటే బొమ్మలకి మెరుగు దిద్దిన వెర్షన్ వచ్చింది, దానికోసం పాతదాన్ని స్టోర్ల నుంచి తీసేశారు. కొత్తదాంట్లో మొహాలు మైనం బొమ్మల్లా, వాన తెల్ల గీతల్లా ఉందని జనం గగ్గోలు పెడితే పాతది తమ సైట్‌లో మళ్లీ ఇచ్చారు. గగ్గోలు పెట్టకపోతే? లైసెన్సు గొడవతో స్టీమ్ వెర్షన్‌లో కారు రేడియోలో మోగే కొన్ని పాటలు అంతకుముందే పోయాయి కూడా. పాటల్లేని వైస్ సిటీ అమ్మకంలో ఉంటే, పాటలున్న వైస్ సిటీ "అమ్మకంలో ఉన్నట్టా"?

లెవెల్14:
ఉన్నట్టే. అది కొను.

షేడర్‌పిల్ల:
లేనట్టే. కారు ఎక్కగానే రేడియో మోగకపోతే అది ఆ గేమే కాదు.

పాతసీడీ:
కొత్తది కొని, పాత ఫైళ్లు అందులో వేసుకుంటా. డబ్బు వాళ్లకి వెళ్లింది, పాటలు నాకు వచ్చాయి.

సెక్షన్‌రావు:
పాటల హక్కుదారుడికి ఏం వెళ్లింది?