ఇనుము, అయస్కాంతం: ప్రహ్లాదుడి జవాబు

మంచితనం పుట్టుకతో వస్తుందా, దేవుడి దయ వల్ల అబ్బుతుందా అన్న చర్చ, పాలు పోసి పెంచినా వేప చేదు వదలదన్న వేమన మాట దగ్గరే ఆగిపోయింది. పోతన భాగవతం సప్తమ స్కంధంలో ఈ ప్రశ్న సూటిగానే వస్తుంది. హిరణ్యకశిపుడికి భయపడ్డ గురువులు ప్రహ్లాదుణ్ణి బుజ్జగించి అడుగుతారు: ఈ బుద్ధి నీ అంతట నీకే పుట్టిందా, ఎవరైనా నూరిపోశారా? దానికి ఆ పిల్లవాడి జవాబు ఇది:

ఇను మయస్కాంతసన్నిధి నెట్లు భ్రాంత
మగు, హృషీకేశు సన్నిధి నా విధమునఁ
గరఁగుచున్నది దైవయోగమునఁ జేసి
బ్రాహ్మణోత్తమ! చిత్తంబు భ్రాంత మగుచు.

అయస్కాంతం దగ్గర ఇనుము కదిలినట్టే, విష్ణువు సన్నిధిలో దైవయోగం వల్ల నా మనసు చలించి కరుగుతోంది అంటున్నాడు.

వెంటనే వచ్చే ‘మందార మకరంద’ సీసం మనందరికీ కంఠతా వచ్చు. దాని పక్కనుండటం వల్లే కాబోలు, ఈ చిన్న తేటగీతిని ఎవరూ తలుచుకోరు. అడిగినదానికి అసలు జవాబు మాత్రం ఇందులోనే ఉంది.

‘దైవయోగమున’ అన్నాడు కాబట్టి అంతా దైవకృపే, మనిషిదేమీ లేదని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. అయస్కాంతం పక్కన కర్రముక్క పెడితే కదలదు. ఆ లాగుడుకు లోబడే గుణం ఇనుములో ముందే ఉండాలి. అయినా ఎంత మేలైన ఇనుమైనా తనంతట తాను కదలదు. పైగా ఇనుము కదులుతుందే గాని కరగదు, మనసు కరుగుతోందట! సంస్కృత మూలంలో మనసు మారడమే ఉంది, ఆ కరగడం పోతన చేర్చిందే. నాకు పద్యమంతా అక్కడే ఉందనిపిస్తుంది.

ఇంకో సంగతి. తల్లి కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్నానని ప్రహ్లాదుడు తర్వాత తోటి పిల్లలతో చెబుతాడు. అంటే ‘నారదుడు నేర్పాడు’ అని గురువులతో ఇక్కడే అనేయొచ్చు. అనలేదు. విన్న మాటకూ కరిగిన మనసుకూ మధ్య తేడా అతనికి తెలుసు.

మరి హిరణ్యకశిపుడు కర్రముక్కేనా అని నిన్న ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఇదే స్కంధం మొదట్లో ‘కామోత్కంఠత గోపికల్, భయమునం గంసుండు’ (కోరికతో గోపికలు, భయంతో కంసుడు హరిని చేరారు) అంటూ నారదుడు వైరంతో హరిని చేరిన శిశుపాలుణ్ణి కూడా అదే వరుసలో చెబుతాడు. శాపం వల్ల హరికి శత్రువులై పుట్టిన వైకుంఠ ద్వారపాలకులు జయవిజయుల కథ ప్రకారం ఆ శిశుపాలుడు ఒకప్పటి హిరణ్యకశిపుడే. పగతోనైనా పూటపూటా హరినే తలుచుకున్నవాణ్ణి కర్ర అనడానికి నాకు నోరు రాదు.