అసిటోన్‌లో నానబెట్టినా మోర్గాన్ డాలర్ మీద పచ్చ చుక్కలు పోవట్లేదు

నాణెం 1881 నాటి అమెరికా మోర్గాన్ వెండి డాలర్. వెనక దండ కింద ‘ఎస్’ గుర్తు ఉంది, అంటే శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలది. తూకం 26.7 గ్రాములు.

నాలుగేళ్లు మెత్తటి ప్లాస్టిక్ కవర్‌లో ఉంచాను. పోయిన నెల తీస్తే ముందువైపున్న లిబర్టీ అనే స్త్రీ బొమ్మ చెంప మీద వేలికి జిగురుగా తగిలే పచ్చటి పొర. కవర్‌లోని పీవీసీ ప్లాస్టిక్ వల్లే అనుకుని, ప్యూర్ అసిటోన్ అనే ద్రావకంలో ముందు 10 నిమిషాలు, తర్వాత మూత పెట్టిన గాజు సీసాలో రాత్రంతా నానబెట్టాను. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, రుద్దకుండా ఆరబెట్టాను. చెంప మీది జిగురు పూర్తిగా పోయింది. జుట్టు పాయల సందుల్లో, 8 అంకెల గుండ్రాల్లో మాత్రం సన్నటి చుక్కలు నాలుగు మిగిలాయి. భూతద్దంలో చూస్తే గట్టిపడ్డ పొక్కుల్లా ఉన్నాయి. కొత్త అసిటోన్ పోసి మళ్లీ ఒక రాత్రి ఉంచినా కదల్లేదు. ఈ నాణెంలో 10 శాతం రాగి కదా, చిలుము పట్టిందేమోనని భయంగా ఉంది.

వంటసోడా, చింతపండు మాత్రం దయచేసి చెప్పకండి. నాణెం వాల్చి తిప్పితే బండి చక్రం ఆకుల్లా తిరిగే ఆ మెరుపు కోసమే దీన్ని కొన్నాను, అది పోతే మళ్లీ రాదు.

అసిటోన్‌కు లొంగని ఇలాంటి చుక్కల్ని, మెరుపు దెబ్బతినకుండా, జైలీన్ అనే మరో ద్రావకంతో తీయగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?