మత్తుమందుకీ ఉరికంబానికీ ఒకే చట్టమా?

ప్రశ్న: హాంబర్గ్‌లో మందుల ఎగుమతి ఆఫీసులో చేరి మూడు నెలలైంది. థయోపెంటాల్ ఇంజెక్షన్లు పంపాలంటే "టార్చర్ చట్టం కింద పర్మిషన్ ఉందా?" అని అడిగారు మా మేడమ్. విజయవాడలో అమ్మ ఆపరేషన్‌కి ఇచ్చిన మత్తుమందే అది! ఒకటే టెన్షన్.

జవాబు: అమెరికాలో మరణశిక్షకీ అదే వాడారు తమ్ముడూ. అందుకే 2011 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ దాన్ని టార్చర్ చట్టం లిస్టులో చేర్చింది. హింసకీ మరణశిక్షకీ పనికొచ్చే సరుకుల వ్యాపారాన్ని అదుపు చేసే చట్టం అది. నిషేధం కాదు, ముందస్తు అనుమతి కావాలి. ఉరికంబం, గిలటిన్, కరెంటు కుర్చీ అయితే పూర్తిగా నిషేధం. ఆ చట్టానికి ఇప్పుడున్న రూపం 2019/125 రెగ్యులేషన్. ఇంతకీ ఏ దేశానికి?

ప్రశ్న వేసినవారు: ఇండియాకే అన్నా.

జవాబు: అయితే బాఫాకి (ఎగుమతి అనుమతులిచ్చే జర్మనీ ప్రభుత్వ ఆఫీసు) విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే. మరణశిక్ష రద్దు చేసి అంతర్జాతీయంగా మాటిచ్చిన కొన్ని దేశాలకే జనరల్ అనుమతి, అంటే విడిగా దరఖాస్తు అక్కర్లేనిది. మన దగ్గర ఉరి ఇంకా ఉందిగా! ఆసుపత్రి నుంచి, ఎందుకు వాడతారో రాసిన కాగితం ముందే తెప్పించుకో.