ముదురు గులాబీ చెట్టును వేరే చోటికి మార్చొచ్చా?

హన్మకొండ పెరడు: గేటు పక్కన అమ్మ పెట్టిన ఎర్ర గులాబీ. మొదలు బొటనవేలి కంటే లావుంది. కారు ర్యాంపు కోసం అక్కడ తవ్వాలి, మేస్త్రీ వచ్చే వారమే మొదలుపెడతానంటున్నాడు. చెట్టు మారిస్తే బతుకుతుందా? ఒకటే టెన్షన్.

కాజీపేట మిద్దెతోట: బతుకుతుంది అక్కా. నవంబర్ కాబట్టి సరిపోయింది, మే నెలలో అడిగితే వద్దనేదాన్ని. రోహిణి కార్తె ఎండకు కుదురుకున్న చెట్లే వాడిపోతాయి. ముందురోజు మొదట్లో బాగా నీళ్లు పెట్టండి. చుట్టూ అడుగు దూరం వదిలి తవ్వండి, మొదలు పట్టుకుని మాత్రం లాగొద్దు.

జనగామ చెలక: అసలు మాట మర్చిపోయారు. తవ్వితే సన్న వేళ్లు చాలా తెగుతాయి, నీళ్లు పీల్చేవి అవే. పైన ఆకులు అట్లనే ఉంటే వాటికి నీళ్లు అందవు. కొమ్మలు సగానికి కొట్టేయాలి, మొగ్గలతో సహా.

హన్మకొండ పెరడు: మొగ్గలు కూడానా అన్నా? అమ్మ ఊరుకోదు.

జనగామ చెలక: విచ్చినవి దేవుడికి పెట్టుకొమ్మనండి. మిగతావి తీసేయాల్సిందే.

కరీంనగర్ గులాబీలు: మట్టి ఏదో చెప్పలేదు. ఎర్రమట్టి ఊరికే రాలిపోతుంది, వేళ్ల ముద్ద కిందికి గోనె సంచి జొనిపి, నాలుగు మూలలూ కట్టి ఎత్తండి. నల్లరేగడిలో నీళ్లు నిలుస్తాయి, కాస్త ఎత్తు చేసి నాటండి. గుంత అడుగున్నర లోతు, అంతే వెడల్పు. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి చాలు. పచ్చి పేడ వేస్తే చెదలు పిలిచినట్టే. చిగుళ్లు వచ్చేదాకా యూరియా, డీఏపీ జోలికి పోవద్దు. అంటు మొక్కైతే, వేరే గులాబీ మొదలు మీద మంచి రకాన్ని అతికించిన చోట బుడిపె ఉంటుంది, అది మట్టి పైనే ఉండాలి.

హన్మకొండ పెరడు: మార్చేశాం. ఉన్న నాలుగు ఆకులూ రాలాయి. కొమ్మను గోరుతో గీకితే లోపల పచ్చగానే ఉంది.

కాజీపేట మిద్దెతోట: పచ్చగా ఉంటే ప్రాణమున్నట్టే. మధ్యాహ్నం ఎండ తగలకుండా పాత చీర కట్టండి. మట్టి పైన ఆరితేనే నీళ్లు. ఆకులు లేని చెట్టుకు రోజూ పోస్తే వేళ్లు కుళ్లుతాయి.

హన్మకొండ పెరడు: ఎర్ర చిగుళ్లు వచ్చాయి! కానీ ఒకటి మొదట్లో మట్టిలోంచే వస్తోంది, రెమ్మకు ఏడాకులు. అడవి గులాబీ అని పక్కింటి పిన్ని పీకేయమంటోంది.

కరీంనగర్ గులాబీలు: ఆగండి, ఆకుల లెక్క నమ్మకండి. మంచి రకాలకూ ఏడు వస్తాయి. అంటు బుడిపె కింద నుంచి వస్తేనే పీకాలి. అమ్మ కొమ్మ పాతి పెంచారా, నర్సరీ మొక్కా?

హన్మకొండ పెరడు: మా అమ్మమ్మ వాళ్లింటి నుంచి కొమ్మ తెచ్చి పాతిందట.

కరీంనగర్ గులాబీలు: అయితే దానికి అంటు కట్టనే లేదు. అదీ మీ చెట్టే, ఉంచండి.