ఇంక్యుబేటర్‌లో మొదటి 18 రోజులు నీళ్లు పోయాలా, పొడిగానే వదలాలా?

నాగోల్: థర్మోకోల్ డబ్బా, ఫ్యాన్ ఉంది, 37.5 డిగ్రీలు. 24 నాటుకోడి గుడ్లు. నీళ్లే వద్దని కొందరు, తేమ 50 ఉండాల్సిందేనని కొందరు. ఏది నమ్మాలె?

మల్కాజిగిరి: పొడిగానే పెట్టన్నా. తేమ ఎక్కువైతే గుడ్డులో నీరు బయటికి పోదు, గుడ్డు వెడల్పు కొనలో ఉండే గాలి గది చిన్నగా ఉండిపోతది. పిల్ల ఉబ్బి, తిరగడానికి చోటు లేక, ఆ గాలి గదిలోకి ముక్కు పెట్టేలోపే ఊపిరాడక చచ్చిపోతది. పిల్ల రావాల్సిన 21 రోజులు దాటినంక పగలగొడితే లోపలంతా జిగట. పొదుగు కోడి కింద నీళ్ల గిన్నె ఎవరైనా పెట్టారా?

ఈసీఐఎల్: పొదుగు కోడి కింద ఫ్యాన్ కూడా ఎవరూ పెట్టలేదు కదండీ. "పొడి" అన్న మాటకు ఊరినిబట్టి, నెలనుబట్టి అర్థం మారుతుంది. ఆగస్టులో బయట 26 డిగ్రీలు, తేమ 80 శాతం అనుకోండి. అదే గాలి డబ్బాలో 37.5కి వేడెక్కితే తేమ దాదాపు 42కి దిగుతుంది. అప్పుడు నీళ్లు అక్కర్లేదు, మీ మాట నిజమే. రోహిణి కార్తెలో బయట 40 డిగ్రీలు, 20 శాతం ఉంటే లోపల 23. డిసెంబర్‌లో 22 డిగ్రీలు, 50 శాతం ఉన్నా లోపలికొచ్చేసరికి 20యే. చలికాలం చల్లగా ఉంది కాబట్టి తేమ ఉందనుకోవడం పెద్ద పొరపాటు.

మల్కాజిగిరి: లెక్క ఒప్పుకుంటా. కానీ ఆ 23, 42 చూపించేది ఏ మీటరు? చవక డిజిటల్ మీటర్లు 5, 10 తేడా చూపుతయ్. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు కలిపి, మీటరుతో పాటు జిప్ కవర్‌లో 12 గంటలు మూసిపెట్టాలె. 75 చూపాలె. 82 చూపితే ప్రతిసారీ 7 తీసెయ్యాలె. ఇంకోటి, గదిలో కూలర్ నడిస్తే ఎండాకాలం లెక్క మొత్తం తారుమారు.

ఈసీఐఎల్: అందుకే తేమను కాదు, బరువును నమ్మండి. 18వ రోజుకు గుడ్డు 12, 13 శాతం తగ్గాలి. నాగోల్ గారి 24 గుడ్లు ఒక్కోటి 45 గ్రాముల చొప్పున 1080 అయితే, 9వ రోజుకు 1010, 18కి 940–950 ఉండాలి. ట్రే బరువు తీసేయండి. 7వ రోజు దీపం పెట్టి చూసి ఖాళీ గుడ్లు తీసేస్తే వాటి మొదటి బరువునూ మొత్తంలోంచి తీయాలి. అందరూ తప్పేది ఇక్కడే. మొదటి రోజే పెన్సిల్‌తో గుడ్డు మీద బరువు రాసుకుంటే సరి. ఎక్కువ తగ్గుతుంటే గిన్నె వెడల్పు పెంచండి, లోతు కాదు. ఆవిరి పైతలం నుంచే లేస్తుంది.

నాగోల్: 14వ రోజుకు 6 శాతమే తగ్గితే?

మల్కాజిగిరి: 10 దగ్గర ఉండాలె. నీళ్లు పూర్తిగా తీసెయ్, గాలి రంధ్రాలు తెరువు. గుడ్లు తిప్పడం మాత్రం ఆపకు. 18 నుంచి తిప్పడం బంద్, తేమ 65–70. ఆ మూడు రోజులు నాది కూడా నీళ్ల పార్టీయే.

ఈసీఐఎల్: పిల్ల పొడిచి పెంకు మీద బీట పడ్డాక డబ్బా మూత ఎత్తొద్దు. ఆ కాసేపట్లోనే తేమ పడిపోయి, పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. నీళ్లు తగ్గితే రంధ్రంలోంచి సన్నని పైపుతో గోరువెచ్చని నీళ్లు పోయండి.