ప్రార్థన అంశంగా చెప్పమంటే ఏం చేయాలి?

రైలుకిటికీ:

అందరికీ వందనాలు. మాది కావలి దగ్గర, సముద్రం వైపు ఒక పల్లె. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. చెన్నైలో కౌన్సెలింగ్ సైకాలజీ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. శనివారం రైల్లో ఇంటికి వస్తాను, ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ రైలు. నాన్న రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తారు. అమ్మ మా సంఘంలో స్త్రీల సమాజం కార్యదర్శి. అంటే, ఊళ్ళో ఎవరికి జ్వరం వచ్చినా ఆ కబురు ముందు మా గడపే తొక్కుతుంది.

నా చదువు మావాళ్ళకు ఒక పట్టాన అర్థం కాలేదు. మొదటి ఏడాదంతా, ఫలానా ర్యాంకుకు ఏ ఇంజినీరింగు కాలేజీలో సీటు వస్తుందో చెప్పమని అడిగేవారు. సీట్లు ఇప్పించే కౌన్సెలింగ్ కాదు, మనసు బాగోలేని వాళ్ళతో మాట్లాడే పని అని తెలిశాక అసలు చిక్కు మొదలైంది.

మా సంఘంలో ఒక అమ్మాయి ఉంది. తన వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళు దాటాయి. కొన్ని వారాలుగా సరిగా నిద్ర లేదు, తిండి లేదు, పాటల బృందంలోకి రావడం మానేసింది. పాస్టరమ్మ గారు నన్ను పిలిచి, "నువ్వు చదివేది ఇదే కదమ్మా, కాస్త మాట్లాడు" అన్నారు. మాట్లాడాను. చనిపోవాలనే ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మా ఊళ్ళో భయం. కాదని, అడగడమే మంచిదని మాకు మొదటి తరగతుల్లోనే చెబుతారు. లేదంది. తన ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే తప్ప ఎవరికీ చెప్పనని ముందే మాట ఇచ్చాను. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

మరుసటి ఆదివారం పాస్టరమ్మ గారు అడిగారు: "ఏం చెప్పింది? చెబితే శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన అంశంగా పెడతాను."

ఆవిడ చాడీలు చెప్పే మనిషి కాదు. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో చాప వేసుకుని పడుకున్న మనిషి. అందుకే ఇది నాకు కష్టంగా ఉంది. చాడీలైతే కాదనడం సులువు. ఇక్కడ అడిగేది ప్రేమతో, అదీ దేవుని పేరు మీద. అయినా శుక్రవారం కూడికలో పలికిన మాట సోమవారానికి పాలకేంద్రం దాకా వెళ్తుందని ఆవిడకు తెలియనిది కాదు.

ఆ రోజు "తర్వాత మాట్లాడదాం అమ్మగారూ" అని తప్పించుకున్నాను. ఈ వారం మళ్ళీ అడుగుతారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా కాదనాలి? ఇంకొకటి: ఆ అమ్మాయి "అక్కా, ప్రార్థన చేయవా" అంది. చేయవచ్చా?

పెన్నాగట్టు:

నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీలో కౌన్సెలర్‌గా పని చేస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. చెప్పకూడదు. ఆ అమ్మాయి ఒప్పుకుంటే, ఒప్పుకున్నంత మేరకే చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను హక్కుగానే చెప్పింది. గోప్యతకు మినహాయింపులు కొన్నే. ప్రాణాపాయం ఒకటి, కోర్టు ఆదేశం ఒకటి. పద్దెనిమిదేళ్ళ లోపు వారిపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. అది కౌన్సెలర్లకే కాదు, పాస్టరుకైనా పక్కింటివారికైనా వర్తిస్తుంది. ప్రార్థన అంశం ఈ మినహాయింపుల్లో లేదు.

మీరు అడగని సంగతి ఒకటి ఉంది. నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. ఆ అమ్మాయికి మీరు కౌన్సెలరా, లేక అక్కా? తను మిమ్మల్ని ప్రతి ఆదివారం చూస్తుంది. మీ అమ్మ, వాళ్ళ అమ్మ ఒకే చాప మీద కూర్చుంటారు. రేపు తనకు పెళ్ళి సంబంధం వస్తే, అమ్మాయి ఎలాంటిదని మీ ఇంట్లోనే వాకబు చేస్తారు. అప్పుడు మీ ముఖం చూసి అర్థం చేసుకునేవాళ్ళు ఉంటారు. పైగా మీరు ఇంకా విద్యార్థిని, ఊళ్ళో మీ మీద పర్యవేక్షణ లేదు. పేరు, ఊరు తీసేసి ఈ సంగతి మీ సూపర్‌వైజర్ ముందు పెట్టండి. ఆ అమ్మాయిని నెమ్మదిగా మరొకరి దగ్గరకు పంపండి.

ముందు డాక్టరుకు చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ కూడా మనిషిని ఇలాగే నీరసపరుస్తాయి. మందులు కూడా అవసరమో కాదో డాక్టరే చెబుతారు. ఈలోగా రాత్రివేళ భయమనిపిస్తే 14416కు ఫోన్ చేయమనండి. అది 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. "పోలీసు కేసు అవుతుందేమో" అని ఇళ్ళల్లో దాచిపెట్టే సంగతులు ఉంటాయి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లుగానే భావించాలని, శిక్షించకూడదని ఆ 2017 చట్టంలోనే 115వ సెక్షన్ ఉంది. ఇది మీ పాస్టరు గారికి కూడా తెలిసి ఉంటే మంచిది.

ఇక ప్రార్థన. తనే అడిగింది కాబట్టి తప్పేమీ కాదు. కానీ ఎప్పుడు చేస్తారన్నది చూసుకోండి. చాలామంది అసలు మాట లేచి వెళ్ళబోతూ చెబుతారు. ఆ సమయంలో మీరు కళ్ళు మూసుకుంటే ఆ మాట ఆమెన్ కింద సమాధి అవుతుంది. తననే తన మాటల్లో ప్రార్థించమని, మీరు పక్కన మౌనంగా ఉంటే ఇంకా మంచిది.

ఒక విశ్వాసి:

సహోదరీ, సంఘంలో దాపరికం ఏమిటి? యాకోబు పత్రిక 5:16 చదవండి. ఒకరితో ఒకరు ఒప్పుకోమని, ఒకరి కొరకు ఒకరు ప్రార్థించమని ఉంది. మన పెద్దలకు ఈ చదువులు లేవు. అయినా వాళ్ళు మోకాళ్ళ మీద నిలబెట్టిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. లోకజ్ఞానం ఎక్కువై ప్రార్థన తక్కువైతే ఆ అమ్మాయికి ఏం మేలు జరుగుతుంది?

రైలుకిటికీ:

పెన్నాగట్టు గారూ, ధన్యవాదాలు. పెళ్ళి సంబంధం మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నిజమే.

అన్నయ్యా, ఆ వచనం నాకూ ఇష్టం. కానీ అందులో ఒప్పుకోమన్నది ఎవరిని? పాపమో బాధో ఎవరిదైతే వారిని. మధ్యలో విన్న మూడో మనిషిని వాళ్ళ తరఫున వెళ్ళి ఒప్పుకోమనలేదు. ఆ అమ్మాయి తనంతట తాను లేచి సాక్ష్యం చెబితే మొదట ఆమెన్ అనేది నేనే.

ప్రార్థన తక్కువైందన్నారు. బైబిల్లో ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దూత ముందుగా ఏం చేశాడు? రొట్టె, నీళ్ళు పెట్టాడు. పడుకోనిచ్చాడు. లేపి మళ్ళీ పెట్టాడు. "నీకు ఇక్కడేమి పని" అన్న ప్రశ్న ఆ తర్వాత చాలా దూరం నడిచి హోరేబు కొండ చేరాకే. మా కూడికల్లో ఆ వరుస తలకిందులవుతుంది.

లోకజ్ఞానం గురించి మా నాన్నకూ మీలాగే అనుమానం ఉంది. మేము చదివే అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ మొదట పాస్టరు కావాలనే న్యూయార్క్‌లో ఒక సెమినరీలో చేరి, రెండేళ్ళకే వదిలేసి మనస్తత్వశాస్త్రంలోకి వచ్చారు. ఈ సంగతి ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు. చెబితే నా రైలు ఖర్చులకు డబ్బులిస్తారో లేదో.

సింగరాయకొండ మాస్టారు:

అమ్మాయీ, నేను రిటైరయిన సోషల్ టీచర్ని. మీ పాస్టరమ్మ గారు అలా ఎందుకు అడుగుతున్నారో కొంచెం వెనక్కి వెళ్ళి చూడాలి. 1876-78 కరువులో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకుండా ఆ పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒక్కొక్కరుగా గదిలో కూర్చుని ఆలోచించుకుని వచ్చినవాళ్ళు కాదు వాళ్ళు. పల్లెలు పల్లెలుగా, చుట్టాలు పక్కాలతో కలిసి వచ్చారు. ఆకలి అందరిదీ, నిర్ణయం అందరిదీ. అలా పుట్టిన సంఘాల్లో "ఇది నా సొంత సంగతి" అనే మాటకు చోటు తక్కువ. దానివల్ల నష్టం ఉంది, కానీ దానివల్లే ఆ రోజుల్లో మనుషులు బతికారు కూడా. ఆ అడగడాన్ని చిన్నచూపు చూడకు.

ఇలా చెప్పి, చెప్పమని మాత్రం అనను. సామెతలు 11:13 చూసుకో, నమ్మకమైనవాడు సంగతి దాచుతాడు.

మా సంఘంలో ఒక పెట్టె పెట్టాం. చీటీ మీద పేరు రాయనక్కర్లేదు. మొదట్లో అయ్యగారు చీటీలు పైకి చదివేవారు. ఇంతాచేసి మా బడిలో చదివినవాళ్ళే అందరూ, చేతిరాత నేను గుర్తుపట్టేవాణ్ణి, నేనొక్కణ్ణే కాదు. అందుకని చదవడం మానేశారు. పెట్టె మీద చేయి ఉంచి అందరం ప్రార్థిస్తాం. మీ అమ్మగారితో చెప్పి చూడు.

నెల్లూరు క్యాథలిక్:

మా దగ్గర పాపసంకీర్తనం ఉంది, అంటే గురువు ఒక్కరి దగ్గరే పాపాలు చెప్పుకోవడం. విన్న గురువు ఎవరికీ చెప్పకూడదు. 1215 లాటరన్ మహాసభలోనే ఆ నియమం పెట్టారు. ప్రాణం పోయినా చెప్పకూడదు, చెబితే ఆయనకు వెలి. మీ సంఘాల్లో అందరి ముందు చెప్పే సాక్ష్యం ఉంది గానీ, ఒక్కరికే చెప్పుకునే చోటు లేదనిపిస్తుంది. మీరు చదువుతున్నది ఆ చోటు కోసమేనేమో. అలాగని మావాళ్ళు మౌనవ్రతులనుకోకండి. గుడి మెట్లు దిగాక మేమూ మీలాగే.

దర్శి వైపు పాస్టరమ్మ:

వందనాలమ్మా. నేను ఒక పాస్టరు భార్యను. ఇలాంటి చోట్ల చదువుతానే గానీ రాయను.

మేము ఎందుకు అడుగుతామో మాస్టారు గారు చరిత్రలోంచి చెప్పారు. నేను వంటింట్లోంచి చెబుతాను. ఆ అమ్మాయి తల్లి మూడుసార్లు ఇంటికి వచ్చి ఉంటుంది. పెద్దలు అయ్యగారిని అడిగి ఉంటారు. రేపు ఏదైనా జరిగితే "పాస్టరమ్మకు తెలియలేదా" అంటారు. తెలియకపోవడం మాకు నేరం. అందరి సంగతులూ మా దగ్గర ఉంటాయి, మా సంగతి చెప్పుకునే మనిషి ఉండదు. సంఘంలో చెబితే సంఘం చెదురుతుంది, పుట్టింట్లో చెబితే సేవకు చెడ్డ పేరు.

నీ పాస్టరమ్మ గారితో "చెప్పను" అని మాత్రం అని ఊరుకోకు. "అమ్మాయి ప్రాణానికి ప్రమాదం లేదు, డాక్టరుకు చూపిస్తున్నాం, మీరు భయపడకండి" అని చెప్పు. నాకైతే ఆ మాత్రం చాలు.

రైలుకిటికీ:

అమ్మగారూ, మీరు రాసినది అమ్మకు కూడా చదివి వినిపించాను. ఆమె ఏమీ అనలేదు, వెళ్ళి టీ పెట్టింది.

"ప్రమాదం లేదు" అన్న మాట కూడా ఆ అమ్మాయిని అడిగాకే చెప్పాలనుకున్నాను. నిన్న సాయంత్రం అడిగాను. "అంతవరకు చెప్పక్కా, మిగతాది వద్దు" అంది. డాక్టరు దగ్గరకు వాళ్ళ పెద్దమ్మతో వెళ్తానంది. తల్లికి చెప్పాలా వద్దా అన్నది తనకే వదిలేశాను. మా సూపర్‌వైజర్‌తో మంగళవారం మాట్లాడతాను. ఆ అమ్మాయితో ఇకపై అక్కగానే ఉంటాను, కౌన్సెలర్‌గా కాదు. ఈ మాట తనతో ఎలా అనాలో సూపర్‌వైజర్‌నే అడుగుతాను. విసిరేసినట్లు అనిపించకూడదు.

పాస్టరమ్మ గారితో ఆదివారం ఆరాధన తర్వాత, అందరూ చెప్పులు వేసుకునే హడావుడిలో కాకుండా, ఇంటికి వెళ్ళి మాట్లాడాలనుకుంటున్నాను. పెట్టె సంగతి అప్పుడే ఎత్తుతాను. మాస్టారూ, మీ పెట్టెకు తాళం ఉందా? తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మా పెద్దలు అడిగే మొదటి ప్రశ్న అదే.

అమ్మగారూ, మీరు అడగలేదు గానీ ఒక మాట. 14416కు ఫోన్ చేయాలంటే చావు ఆలోచనే రానక్కర్లేదు, మోయలేనంత బరువుగా ఉన్నా చేయవచ్చు. మీ సంఘం పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే, పెన్నాగట్టు గారూ, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏ సంఘంతోనూ సంబంధం లేని మహిళా కౌన్సెలర్ మీకు తెలిసి ఉంటే అమ్మగారికి విడిగా సందేశం పంపగలరా? ఇక్కడ అందరి ముందు వద్దు.