అప్‌డేట్: గోధుమ పిండి ప్యాకెట్‌పై 363 కేలరీలు, పోషక విలువల పట్టికలో 320. తేడా ఎక్కడుందో తేలింది

100 గ్రాముల పిండికి ఈ రెండు అంకెల్లో ఏది నమ్మాలని అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. "పీచు పదార్థాన్ని ఎలా లెక్కేశారో చూడండి" అన్న సూచనే సరైనది.

ప్యాకెట్‌పై ప్రోటీన్ 12 గ్రా., కొవ్వు 1.7, మొత్తం కార్బోహైడ్రేట్ 75, అందులోనే పీచు 11. ప్రోటీన్, కార్బోహైడ్రేట్ గ్రాముకు 4 చొప్పున, కొవ్వు 9 చొప్పున వేస్తే 48 + 15 + 300, అంటే 363. పీచు 11 గ్రాములకూ గ్రాముకు 4 కేలరీలు కట్టేశారన్నమాట! ఆ 44 తీసేస్తే 319. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల్లో పీచును కార్బోహైడ్రేట్‌లో కలపకుండా విడిగా చూపుతారు, అందుకే అక్కడ దాదాపు 320. పెద్దపేగులోని బ్యాక్టీరియా పీచును పులియబెట్టడం వల్ల గ్రాముకు సుమారు 2 కేలరీలు అందుతాయి కాబట్టి, నేనైతే 340 వేసుకుంటాను.

పట్టికలోని కిలోజౌళ్లను (శక్తికి మరో కొలమానం) కేలరీల్లోకి మార్చడంలో (4.184తో భాగించాలి) తప్పేమీ లేదు. తూకం యంత్రంపై అనుమానమూ అనవసరమే. చపాతీల బరువుతో మాత్రం పోల్చకండి, అందులో నీళ్లుంటాయి. పొడి పిండినే తూచండి.

మైదాలో పీచు తక్కువ, అక్కడ ఇంత తేడా రాదు. పప్పులు, శనగలకు మాత్రం ఈ లెక్క తప్పక చూసుకోండి.